ఏకాక్షర ప్రతాపం

కావ్యమన్నాక ముందు దేవతాస్తుతి ఉండాలి. కనుక రెన్ గారికి ఒక నమస్కారం, మార్టిన్ గారికి ఒక నమస్కారం. అశ్వినీదేవతల్లాగా వీరిలో ఒకరిని విడిచి ఇంకొకరిని తలుచుకున్నవాడు లోకంలో లేడు. 1930లలో వెలువడిన వీరి ఇంగ్లీషు వ్యాకరణం నేటికీ ఎన్నో ఇళ్ల అటకల మీద కొలువై, దుమ్మునే నైవేద్యంగా స్వీకరిస్తోంది. జంటలో మొదటివారైన పి.సి. రెన్ అంతకుముందే, 1924లో, ‘బో జెస్ట్’ అనే నవల రాశారు. అందులో ఎడారి కోటను కాస్తున్న సైనికులు ఒక్కొక్కరే చనిపోతుంటే ఆ శవాలనే బురుజుల మీద నిలబెట్టి, చేతికి తుపాకీ ఆనించి, కాపలా కాయిస్తారు. ఆ విద్య వృథా పోలేదు. ఊపిరి లేని సూత్రాల్ని వరసగా నిలబెట్టి మన బడిపిల్లల్ని తరతరాలుగా హడలగొట్టడం ఇంకొకరి వల్ల అయ్యే పనేనా! అట్ట మీద చిన్న అక్షరాల్లో, సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు అని కనిపిస్తుంది. శత్రుశిబిరంలో బంధువు కనిపించినట్టు ప్రాణం లేచొస్తుంది. ఆయనకు మూడో నమస్కారం.

స్తుతి తర్వాత కుకవినింద. ముప్ఫై రోజుల్లో ఇంగ్లీషు నేర్పుతామని బస్టాండుల్లోనూ రైలుపెట్టెల్లోనూ ప్రతిజ్ఞలు చేసే గ్రంథకర్తలారా, ముప్ఫై ఒకటో రోజున పాఠకుడి గతి ఏమిటో మీలో ఒక్కరైనా రాశారా? నింద సమాప్తం.

ఇక కథానాయకుడు. ఆజానుబాహువు అందామంటే బాహువులే లేవు. సింహమధ్యముడు అందామంటే నడుమెక్కడో తెలియదు. ఎటు చూసినా వంకర. ఇంగ్లీషు అక్షరమాల బారులో పంతొమ్మిదోవాడు, పేరు ఎస్. హీ, షీ, ఇట్ అనే మూడు సింహాసనాల్లో దేని మీద ఎవరు కూర్చున్నా, కాలం వర్తమానమైతే చాలు, క్రియాపదం కొసన నిలబడి ఒక్క బుస కొట్టడం ఇతని ఉద్యోగం. హీ గోస్, షీ సింగ్స్, ఇట్ రెయిన్స్. ఐ, వుయ్, యూ, దే ప్రభువుల కోటల్లోకి ఇతనికి ప్రవేశం లేదు. భూతకాలపు సరిహద్దు దాటాడా, అసలు ఆనవాలే ఉండదు. ఇంత చిన్న జాగీరు, ఇంత పెద్ద భయం.

వంశావళి చెప్పకుండా ముందుకు పోతే కావ్యదోషం. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో నేను పాడితే ఒక తోక, నువ్వు పాడితే ఒక తోక, అతను పాడితే ఇంకొకటి, అందరూ కలిసి పాడితే మరొకటి. చతురంగబలం నిండుగా ఉన్న భాష అది. దక్షిణాన, అంటే లండన్ వైపు, ‘అతను’ పక్షాన కత్తి పట్టినవాడు ఎత్. సింగెత్, గోయెత్ అని వాడి వీరాలాపాలు. ఉత్తరాన నార్తంబ్రియా చలిగాలుల్లో మన ఎస్ పుట్టాడు. పదో శతాబ్దంలో ఆల్‌డ్రెడ్ అనే మతగురువు లిండిస్‌ఫార్న్ సువార్తల లాటిన్ పంక్తుల సందుల్లో తన ఊరి మాటల్లో అర్థాలు రాసుకుంటూ పోయాడు. నాయకుడి బాల్యక్రీడలు ఆ సందుల్లోనే కనబడతాయి. ఒక క్రియకు ఎత్, పక్కదానికి ఎస్. గురువుగారికి ఏది పడితే అది.

పద్నాలుగో శతాబ్దం వచ్చినా లండన్ వాళ్ల దృష్టిలో ఎస్ ఒట్టి పల్లెటూరి బైతే. చాసర్ ‘రీవ్స్ టేల్’లో ఉత్తరాది నుంచి చదువుకోవడానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్ల నోట ఈ ఎస్ తోకల్ని పలికించి అందరినీ నవ్వించాడు. మన సినిమాల్లో చాలాకాలం తెలంగాణ యాసనీ శ్రీకాకుళం యాసనీ హాస్యగాడి నోట్లోనో రౌడీ నోట్లోనో పెట్టలేదూ, అదే వరస. మరి బైతు ఏం చేశాడయ్యా అంటే, తొందరపడలేదు. సంతమాటల్లో చేరాడు, ఉత్తరాల్లో చేరాడు, నాటకాల్లో చేరాడు. షేక్‌స్పియర్ నాటికి ఇద్దరూ ఒకే రంగస్థలం మీద ఉన్నారు. పాదంలో ఒక అక్షరం ఎక్కువ కావలిస్తే ఎత్‌ను పిలిచేవాడు కవి, తక్కువ కావలిస్తే ఎస్‌ను. 1611లో జేమ్స్ రాజు పేరిట వచ్చిన బైబిలు మాత్రం ఎత్ పక్షమే వహించింది. చర్చిలో ఎత్, వీధిలో ఎస్. వీధి గెలిచింది. పదిహేడో శతాబ్దం ముగిసేసరికి ఎత్ ప్రార్థనల్లోకి వెళ్లి సన్యాసం పుచ్చుకున్నాడు. మిగతా తోకలు అప్పటికే రాలిపోయాయి, రాలగా మిగిలింది ఈ ఒక్కడు. అందరూ నవ్విన ఆ పల్లెటూరి బంటే ఇవాళ భూగోళమంతటా పరీక్షహాళ్లలో మార్కులు కోస్తున్నాడు.

ఇప్పుడు నగరవర్ణన. నిరుద్యోగజనసంకులం, ఫ్లెక్సీతోరణాలంకృతం, జిరాక్సుయంత్రనిర్ఘోషభరితం, మిరపకాయబజ్జీపరిమళబంధురం అయిన అమీర్‌పేట అనే పురమొకటి హైదరాబాదు నడిబొడ్డున కలదు. మైత్రీవనం దానికి మేరుపర్వతం. ఎర్రగీత మెట్రో, నీలిగీత మెట్రో అక్కడే కలుసుకుంటాయి గనుక అది ప్రయాగ కూడాను. మెట్లు దిగినవాడి మీద పుష్పవృష్టికి మారుగా కరపత్రవృష్టి కురుస్తుంది. జావా, పైథాన్, జర్మన్, బ్యాంకు పరీక్షలు, గ్రూప్స్, స్పోకెన్ ఇంగ్లీషు. ఒక చేత్తో తీసుకుంటూ ఇంకో చేత్తో పారేస్తూ నడవడం ఆ పురవాసుల నిత్యకర్మ.

ఆ మేరుపర్వతం పక్కసందులో, రెండో అంతస్తు గదిలోకి మిర్యాలగూడ దగ్గరి పల్లె నుంచి ఒక యువకుడు వేంచేశాడు. సాగర్ ఎడమకాలువ కింద వాళ్ల నాన్నకు మూడెకరాల వరి. గళ్ల చొక్కా కవచంగా, జెల్ పెన్ను ఖడ్గంగా, లాంగ్ నోట్‌బుక్ డాలుగా, డిగ్రీ పట్టా ధ్వజంగా, బ్యాంకు ఉద్యోగమనే స్వయంవరానికి బయల్దేరినవాడు. చంద్రోదయానికి బదులు గదిలో ట్యూబులైటోదయం అయింది. రెండుసార్లు రెపరెపలాడి, మూడోసారి వెలిగింది. సార్ వచ్చి బోర్డు మీద నల్ల మార్కరుతో, మై ఫాదర్, తర్వాత ఒక గీత, ఇన్ ద ఫీల్డ్, అని రాసి వెనక్కి తిరిగాడు.

“ఏం బాబూ, చెక్స్ షర్టూ. ఆ ఖాళీలో ఏమొస్తది?”

“మై ఫాదర్ వర్క్ ఇన్ ద ఫీల్డ్, సార్.”

ఎర్ర మార్కరు మూత ఊడిన చప్పుడు ఆ గదిలో పాంచజన్యంలా మోగింది. వర్క్ పక్కన ఒక ఎస్ వెలిసింది. మొదటి దినం యుద్ధంలో మనవాడు మొదటి బాణానికే కూలాడు.

ఓ పాఠకమహాశయా, ఇక్కడ కాసేపు ఆగాలి. కూలినవాడు ఎవరనుకున్నారు? సామాన్యుడా? వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తాం, వస్తారు, వస్తాయి అనే సప్తసేనల్ని మూడేళ్ల వయసు నుంచీ నడుపుతున్న సేనాని. ఏ గురువూ నేర్పలేదు, ఏ సూత్రమూ వల్లించలేదు. కోడి వస్తుంది, కోళ్లు వస్తాయి, మేనమామ వస్తాడు, మేనమామలు వస్తారు. కోపంలో తిట్టినా, నిద్రలో కలవరించినా ఒక్క సైనికుడు తప్పు గుడారంలోకి పోడు. కర్త ఎవరో వాక్యంలో చెప్పకపోయినా క్రియ తోక పట్టుకుని కనుక్కోగలడు. ఇంతటి సార్వభౌముణ్ని ఒక్క కాపలాదారుడు, అదీ ముసలివాడు, పడగొట్టాడు. ఏడు సేనల్ని ఏలినవాడికి ఒక్కణ్ని ఏలడం చేతకాలేదు.

దీని వెనక మాయ ఉంది, చెబుతాను. ఆ ఎస్ రెండు పక్షాలా జీతం తింటాడు. నామవాచకం చివర కూర్చుంటే చాలామంది ఉన్నారని చాటింపు వేస్తాడు. క్రియ చివర కూర్చుంటే ఒక్కడే ఉన్నాడని చాటింపు వేస్తాడు. బాయ్ గోస్, బాయ్స్ గో. ఒకే సైకిలున్న అన్నదమ్ముల సంగతి చూడండి, అన్న తొక్కుకుపోతే తమ్ముడు నడవాలి, తమ్ముడు తీసుకెళ్తే అన్న నడవాలి. ఎస్ సైకిలు మీద బాయ్ ఎక్కితే క్రియ నడుస్తుంది, క్రియ ఎక్కితే బాయ్ నడుస్తాడు. అంతలో ప్రశ్నార్థకం అనే పెద్దమనిషి ఊళ్లో దిగుతాడు. డజ్ హీ గో? సైకిలు డజ్ పట్టుకుపోయింది, గో మళ్లీ కాలినడకే. మనవాడు న్యాయబుద్ధి కలవాడు. ఇంతసేపూ తొక్కనిచ్చి ఇప్పుడు లాక్కోవడమేమిటని జాలిపడి, డజ్ హీ గోస్ అన్నాడు. ఎర్ర మార్కరు మూత మళ్లీ ఊడింది.

కొలువులో ఎవరికీ దండం పెట్టని అవధూతలు కూడా ఉన్నారు. క్యాన్, మే, మస్ట్, షల్. వీళ్ల ముందు హీ నిలిచినా ఎస్ దగ్గరికి రాడు. రూపంలో వీళ్లు ఏనాడో భూతకాలపు వేషం వేసుకుని వర్తమానంలో తిరుగుతున్న పురాతనులు. ఆ వేషం ఎవరికీ గుర్తులేకపోయినా వాళ్లకున్న మినహాయింపు మాత్రం పోలేదు. ప్రభుత్వ జీవోల్లాంటిదే అనుకోండి. ఇక బీ అనే మహారాణి అంతఃపురంలో యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ అని అయిదు ముఖాలు, వేర్వేరు ధాతువుల నుంచి వచ్చి చేరినవి. ఆ అంతఃపురంలో మాత్రం మనవాడికి దారి తెలుసు. అయిదో తరగతిలోనే బెత్తం సాక్షిగా చూపించారు.

ధర్మసంకటం ఒకటి ఎదురైంది. “హెడ్‌మాస్టరుగారు వస్తున్నారు” అంటాం. ఒక్కరే అయినా మర్యాద కొద్దీ బహువచనం. ఇంగ్లీషులో ద హెడ్‌మాస్టర్ కమ్స్. వీధిలోంచి కుక్క వస్తే? ద డాగ్ కమ్స్. ఇద్దరికీ ఒకటే ఎస్! మనవాడి సంస్కారం ఒప్పుకోలేదు. ఈ పెన్నుతో ఆ పని చెయ్యనని ఒక క్షణం అర్జునుడిలా గాండీవం కింద పెట్టాడు. పక్క బెంచీ అమ్మాయి, ఖమ్మం నుంచి వచ్చింది, గీతోపదేశం చేసింది. “అమ్మ వచ్చింది అంటావు, ఆవు వచ్చింది అంటావు. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?” అంది. సమాధానం లేదు. ఇంతకీ ఇంగ్లీషువాళ్లు మర్యాద తెలియని జనం కారు. ఒకప్పుడు వాళ్లకీ నువ్వు, మీరు అని రెండుండేవి. మర్యాద మితిమీరి నువ్వును పూర్తిగా పారేసి, దారినపోయే పిల్లిని కూడా మీరు అంటూ యూ ఆర్ దగ్గర స్థిరపడ్డారు. అందుకే ఒక్కడికి చెప్పినా ఆర్ తప్పలేదు.

ఇక పద్మవ్యూహం. సార్ ఆ రోజు ఇలా రాశాడు: ద టేస్ట్ ఆఫ్ ద మ్యాంగోస్ ఇన్ దీజ్ బాస్కెట్స్, తర్వాత గీత, వండర్‌ఫుల్. ఈజా, ఆరా? గదిలో ఉన్న అక్షౌహిణి అంతా ముక్తకంఠంతో ఆర్ అంది. ఒక్కడు కూడా మిగల్లేదు.

ఎందుకలా కూలారంటే, తెలివి తక్కువై కాదు, తెలుగు ఎక్కువై. “ఈ బుట్టల్లో మామిడిపళ్ల రుచి అద్భుతంగా ఉంది” అనండి. రుచి ఎక్కడుంది? బుట్టలకూ పళ్లకూ చివర, క్రియ వైపు. బుట్టలూ పళ్లూ ముందు నడిచే పరివారం, ప్రభువు వెనక పల్లకీలో వస్తాడు. మన భాషలో ఇలాంటి గుంపులో చివర నిలబడ్డవాడే యజమాని అనుకుంటే చాలామట్టుకు పొరపాటు పడం. ఇంగ్లీషులో ఊరేగింపు తిరగబడింది. టేస్ట్ ప్రభువు ముందే నడిచిపోయాడు, వెనక పళ్లూ బుట్టలూ బారులు తీరాయి, క్రియ వచ్చేసరికి దాని కళ్లెదుట బాస్కెట్స్ నిలబడి ఉంది, అదీ నిండుగా ఎస్ తగిలించుకుని. దానికే సాష్టాంగపడతాడు తెలుగువాడు. వ్యాకరణం పుస్తకాలు ‘దగ్గరి పదం చూసి మోసపోవద్దు’ అని హెచ్చరిస్తాయి కానీ, దగ్గరి పదాన్ని నమ్మడం మన పుట్టుకతో వచ్చిన బుద్ధి అని ఎక్కడా చెప్పవు. చెబితే ఆ పిల్లవాడు కనీసం తనకు మట్టిబుర్ర అనుకోవడం మానేసేవాడు.

వ్యూహంలో మిగతా వీరుల్ని గబగబా చూసి వెళ్దాం. న్యూస్, ఒంటినిండా ఎస్ పూసుకున్నా ఏకవచనమే. పోలీస్, ఎస్ లేకపోయినా దండు. ట్రౌజర్స్, తొడిగేవాడొక్కడే అయినా బహువచనం, ముందు పెయిర్ వచ్చి నిలబడితే మళ్లీ ఏకవచనం. నైదర్ గారూ నార్ గారూ జంటగా వస్తే రెండోవారి ముఖం చూసి క్రియ తల వంచుతుంది. ఎ నంబర్ ఆఫ్ అంటే ఆర్, ద నంబర్ ఆఫ్ అంటే ఈజ్, తేడా ఒక్క చిటికెన అక్షరానిది. ఇవన్నీ పరీక్షాధికారులకు పరమాప్తులు. ఏటా రప్పిస్తారు.

ఒక అన్యాయం మాత్రం రాయక తప్పదు. సమూహాన్ని ఒకటిగా చూడాలి, టీమ్ ఈజ్ అనాలి అని సార్ చెప్పాడు. సాయంత్రం హాస్టల్లో టీవీ పెడితే ఇంగ్లీషు వ్యాఖ్యాత, ఇండియా ఆర్ ఇన్ ట్రబుల్ అన్నాడు. దేశమొక్కటే కదా, అక్కడ ఆర్ ఎలా వచ్చింది? బ్రిటిషువాళ్ల అలవాటులో జట్టంటే పదకొండు మంది, అమెరికావాళ్ల అలవాటులో జట్టంటే ఒక్కటి. ఇద్దరు చక్రవర్తులూ తమ తమ రాజ్యాల్లో సుఖంగానే ఉన్నారు. మధ్యలో అర మార్కు పోగొట్టుకున్నది మిర్యాలగూడవాడు.

ద్వితీయాశ్వాసం. పదసాగరమథనం.

వ్యాకరణయుద్ధంలో క్షతగాత్రుడైన వీరుడికి మిత్రులు ఒక ఉపాయం చెప్పారు, మాటలు కూడబెట్టమని. అంతే, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాతపుస్తకాల గుట్టల్ని మందరపర్వతాలుగా భావించి చిలకడం మొదలెట్టాడు. దొరికిన మొదటి రత్నం నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’. 1949 నుంచీ చలామణిలో ఉన్న నాణెం. తెరవగానే ఎదురైనవాళ్లు ఎవరనుకున్నారు? అహంకారి, డంబాచారి, మనుషుల్ని ద్వేషించేవాడు, స్త్రీలను ద్వేషించేవాడు, పెళ్లిని ద్వేషించేవాడు. వారం తిరిగేసరికి ద్వేషగాళ్లందరి పేర్లూ కంఠోపాఠం. వాటర్ ట్యాంకరు ఎప్పుడొస్తుందని ఇంగ్లీషులో అడగడం రాదుగానీ, పెళ్లంటే గిట్టనివాణ్ని ఏమనాలో నిద్రలేపి అడిగినా చెబుతాడు.

రెండో రత్నం బారన్స్ వారి జీఆర్ఈ గ్రంథం. అందులో 3500 పదాల మహాపట్టిక ఉంది. 2011లో ఆ పరీక్ష నుంచి వ్యతిరేకపదాల ప్రశ్నలు తీసేసేదాకా, అమెరికా సముద్రాన్ని దాటగోరిన తెలుగు హనుమంతులందరూ ఎక్కిన మహేంద్రగిరి అదే. ఆ పాతప్రతిని కాస్త దగ్గరగా చూద్దాం. అబేస్, అబేట్ ఉన్న మొదటి పేజీల అంచులు వేళ్ల చెమటకు నల్లబడి, మూలలు మడతలు పడి, మార్జిన్ నిండా పెన్సిలుతో తెలుగు అర్థాలు. ‘తగ్గు’ అని ఒకచోట, ‘తగ్గించు’ అని ఒకచోట, ఒకదాని మీద కొట్టివేత, మళ్లీ పక్కన ప్రశ్నార్థకం. బీ దాటేసరికి పెన్సిలు పల్చబడింది. సీ మధ్యలో ఒక పదం కింద సగం గీత గీసి ఆపేశాడు పూర్వయజమాని. అక్కడ నిద్ర వచ్చిందో, వీసా వచ్చిందో. అటు తర్వాత జెడ్ దాకా కాగితం మంచుకొండలా తెల్లగా ఉంది. తెలుగుదేశంలో అబేట్ తెలియని పట్టభద్రుడు లేడు, జెలట్‌ను పలకరించినవాడు అరుదు.

దీనికి చిన్నబుచ్చుకోనవసరం లేదు. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు రణంలోకి 1879లో దిగిన మహారథి జేమ్స్ ముర్రే 1915లో కన్నుమూసేనాటికి కూడా పని తెమల్లేదు. అది పూర్తయింది 1928లో. ఇటువైపు దండయాత్రా అంతే. సి.పి. బ్రౌన్ అనే ఇంగ్లీషువాడు 1817లో మద్రాసులో దిగి, కడపలో ఉద్యోగం చేస్తూ, మన వస్తాడు వస్తుందిల మధ్య నలిగి, 1852లో గానీ నిఘంటువు బయటికి తేలేకపోయాడు. ముప్ఫై రోజుల గ్రంథాలు ఆయనకెవరూ అమ్మినట్టు లేదు.

నిఘంటువులో బీ పర్వతం ఎక్కుతుండగా మనవాడికి ఒక ఊరట దొరికింది. బ్యాండికూట్ అనే పదం. ఎక్కడో విన్నట్టుందే అని అర్థం చూస్తే మన పందికొక్కే. వాళ్ల మూడెకరాల గట్లలో బొరియలు తవ్విన ఆ మహానుభావుడు తెలుగు పేరుతోనే సముద్రాలు దాటి ఆంగ్లనిఘంటువులో బొరియ తవ్వుకున్నాడు. ఆ రాత్రి మనవాడు సుఖంగా నిద్రపోయాడు.

మర్నాటి నుంచి మాటలు ప్రయోగానికి దిగాయి. దివ్యాస్త్రాలు చేతికొచ్చినవాడు పిచ్చుకల్ని వదులుతాడా? హాస్టల్ దోమల మీద యుబిక్విటస్. పప్పుచారు మీద ఇన్‌సిపిడ్. అద్దె పెంచిన వార్డెను మీద అవరీషస్. ది హిందూ సంపాదకీయం కింద రోజూ ఎర్రగీతలు, అంచుల్లో అర్థాలు. ఒక్క ఇబ్బంది. అస్త్రం గురి చూసి తగిలేది, కింద ధనుస్సు విరిగేది. “మస్కిటో ఆర్ యుబిక్విటస్” అన్నాడు. మహాపదానికి వెంట్రుకవాసి కూడా దోషం లేదు. దోమకే ఎస్ లేదు.

తృతీయాశ్వాసం, అంటే మాక్ ఇంటర్వ్యూ. అప్పటికి మనవాడు కాగితం మీద అజేయుడు. తప్పు పట్టుకోమని అయిదు వాక్యాలిస్తే అయిదూ పట్టేవాడు. నైదర్‌నీ నార్‌నీ చెవులు పట్టుకుని ఈడ్చుకొచ్చేవాడు. సార్ కుర్చీలో వెనక్కి వాలి, టెల్ మీ అబౌట్ యువర్ ఫ్యామిలీ అన్నాడు. గదిలో ఫ్యాను తిరుగుతోంది. మనవాడు గొంతు సవరించుకున్నాడు.

“మై ఫాదర్ డూ అగ్రికల్చర్, సార్. హీ హావ్ త్రీ ఏకర్స్. హీ ఈజ్ ఎ మ్యాగ్నానిమస్ అండ్ ఇన్‌డిఫాటిగబుల్ పర్సన్.”

సార్ చేతిలో మార్కరు లేచి, గాల్లో ఆగి, కిందికి దిగింది. ఇన్‌డిఫాటిగబుల్ ఆయన నోటికే ఒక పట్టాన తిరగదు. “అంత పెద్ద మాట నేర్చినవు, డజ్ అననీకి ఏమైందయ్యా?” అన్నాడు, తిట్టాలో మెచ్చుకోవాలో తోచక.

ఏమైందో నేను చెబుతాను. తెలుగు అజంతభాష. మన సొంతమాటలు చాలామట్టుకు అచ్చులో దిగి కాళ్లు చాపుకుంటాయి. బస్ వస్తే బస్సు అన్నాం, కార్ వస్తే కారు అన్నాం, హల్లును ఒంటరిగా గుమ్మంలో నిలబెట్టడం మన ఇంటి పద్ధతి కాదు. వర్క్స్ అంటే మరి ఒకే గుమ్మంలో క, స ఇద్దర్నీ నిలబెట్టాలి. వేగంగా మాట్లాడేటప్పుడు వెనకవాడు జారిపోతాడు, చెవికీ అందడు. పైగా జారినందువల్ల అర్థం ఏమీ చెడదు. మై ఫాదర్ అన్నప్పుడే ఒక్కరే అని తెలిసిపోయింది. పనీపాటా లేని కాపలాదారుణ్ని నాలుక ఎందుకు మోస్తుంది?

ఇంగ్లీషు తల్లుల ఒడిలో పెరిగేవాళ్లకూ ఇదే తంతు. రోజర్ బ్రౌన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ముగ్గురు చిన్నపిల్లల మాటల్ని ఏళ్ల తరబడి గమనించి 1973లో ఒక పుస్తకం రాశాడు. ఆ పిల్లలకు బహువచనం ఎస్ ముందే అబ్బింది, క్రియ తోకన ఉండే ఎస్ చాలా వెనకబడి వచ్చింది. అంతెందుకు, ఇంగ్లండు తూర్పుతీరాన నార్ఫోక్ పల్లెయాసలో పుట్టు ఇంగ్లీషువాళ్లే హీ గో, షీ గో అంటూ పంటలు పండించుకుంటున్నారు. ఉత్తరాది బైతు దేశమంతా జయించాడుగానీ ఆ మూలకు పూర్తిగా చేరలేదు. మిర్యాలగూడవాడు ఆ ఊళ్లో పుట్టి ఉంటే అది యాస అయ్యేది. ఇక్కడ పుట్టాడు గనుక తప్పయింది.

అందుకని ఎస్‌ను ఒదిలేయమని చెప్పడం లేదు. ఉద్యోగమిచ్చేవాడు నార్ఫోక్‌వాడు కాడు. నా తీర్పు ఒక్కటే. మన శిక్షణాలయాలు ఎస్‌ను కంటికి నేర్పుతున్నాయి, నోటికి నేర్పడం లేదు. ఖాళీలు పూరించిన వేళ్లకు వచ్చిన విద్య నాలుకకు దానంతట అది పాకదు. 3500 పదాల్లో 3000 మరిచినా కొంపలు మునగవు, ఆ అరసెకను బుసను నోటికి అలవాటు చేయకపోవడమే అసలు నష్టం.

ఫలశ్రుతి. ఈ కావ్యాన్ని చదివినవారికి, విన్నవారికి ఇంగ్లీషు రాదు. రోజూ ఒక పేజీ ఇంగ్లీషు, అర్థం పూర్తిగా తెలియకపోయినా, పక్కవాళ్లకు వినబడేలా పైకి చదివేవారికి వస్తుంది. మీ ఇంట్లో పిల్లవాడు మై ఫాదర్ గో టు ఆఫీస్ అంటే నవ్వకండి, సూత్రం చెప్పకండి, ఎర్ర పెన్ను వెతకకండి. “ఓహో, హీ గోస్ టు ఆఫీస్? బై బస్?” అని మీరు మామూలుగా అనేసి, వాణ్ని తర్వాతి మాట చెప్పనివ్వండి.